పటేలు చెలకలో ఎర్రల లెక్క

ఎర్రల లెక్క తీయడానికి మనుషులు వస్తున్నారని మా ఆయన చెబితే నేను నమ్మలేదు. మా ఊరికి జనాభా లెక్కవాళ్లు వచ్చారు, గొర్రెల లెక్కవాళ్లు వచ్చారు. మరుగుదొడ్ల లెక్కవాళ్లు వచ్చి ఉన్నవి లేవని, లేనివి ఉన్నాయని రాసుకొని పోయారు. అదంతా సర్కారు పని, అర్థం చేసుకోవచ్చు. కానీ మట్టిలో పడి ఉండే ఎర్రలను, పుస్తకాల్లో వానపాములని రాస్తారే, వాటిని లెక్కపెట్టి ఎవరేం చేసుకుంటారు? వాటికి రేషను కార్డు ఇచ్చేది లేదు కదా.

"సూర్యాపేట నుంచి ఒక సారు వస్తడట. రిటైరైన సైన్సు సారు. కోదాడ నుంచి ఒక కాలేజీ పిల్ల వస్తదట," అన్నాడు మా ఆయన. "జీతం లేదట, బత్తా లేదట. బస్సు కిరాయి గూడ వాళ్లదే."

"మరెందుకు తవ్వుతరు?"

"ఎక్కడ ఏ జాతి ఎర్రలున్నయో పటం గీస్తరట. గంతే."

ఆ మాట మా వాడలో ఎవరికీ మింగుడు పడలేదు. ఉత్తపుణ్యానికి భూమి తవ్వేవాళ్లను మేమెప్పుడూ చూడలేదు. లంకెబిందెల కోసం తవ్వినవాళ్లను చూశాం, బోరు పడుతుందని తవ్వించి తల పట్టుకొని కూర్చున్నవాళ్లను చూశాం. ఎర్రలు దొరకాలని తవ్వేది చేపలు పట్టేవాళ్లే. ఈ సారుకు చేపల పిచ్చి ఉండి ఉంటుందని మా పక్కింటి ముసలమ్మ తేల్చి చెప్పేసింది.

నాకు మాత్రం ఆ ఎర్రల మీద ఆశ పుట్టింది. ఎందుకో చెప్పాలంటే మా మంద సంగతి చెప్పాలి.

మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. వేములపల్లి దాటి మిర్యాలగూడ పోయే దారిలో మా ఊరు. కాలువ కింద మాకు ఎకరన్నర ఉంది, అది తిండి గింజలకు. బతుకంతా గొర్రెల మీదే. ఎండాకాలం పంటలు తీసిన చేలల్లో మంద పెడతాం. అంటే చేనులో వల కట్టి, గొర్రెలన్నిటినీ ఆ వలలోనే పడుకోబెడతాం. తెల్లారేసరికి నేల నిండా పెంటికలు, మూత్రం. రెండు మూడు రోజులకొకసారి వల జరుపుతూ పోతే చేనంతటికీ ఎరువు పడినట్టే. రైతు మాకు గింజలిస్తాడు. మంద పడిన చేను రెండేళ్లయినా తెలిసిపోతుంది. పైరు నల్లగా వస్తుంది, పారతో ఒక్క వేటు వేస్తే ఎర్రలు బయటపడతాయి.

మా ఊళ్లో అన్నిటికన్నా పెద్ద చెలక పటేలుది. చెలకంటే నీళ్లు పారని ఎర్రనేల, పత్తి వేస్తారు. మా మామ కాలం నుంచీ మొదటి మంద ఆ చెలకలోనే పడేది. పటేలు చెలకలో వల కడితేనే తక్కిన రైతులు మమ్మల్ని పిలిచేవాళ్లు. ఆయన పిలవకపోతే ఎవరూ పిలవరు. ఆయన ఒకసారి సర్పంచి కూడా చేశాడు. తర్వాత మిర్యాలగూడలో ఎరువుల దుకాణం పెట్టాడు. దుకాణం పెట్టిన ఏడాది నుంచే మా గొర్రెలు ఆయనకు కంపు కొట్టడం మొదలుపెట్టాయి. అంతకు ముందు ఎన్నడూ కొట్టలేదు. దుకాణం ఉన్న పటేలు చెలకలో గొర్రె పెంటికలు కనపడితే బస్తాలు ఎవరు కొంటారు, అదీ నిజమే.

రెండు ఎండాకాలాలు ఆయన పిలవలేదు. రెండు ఎండాకాలాలు మంద ఊరూరా తిరిగింది. మా ఆయనకు మోకాళ్లు పట్టేశాయి. "ఇంకో ఎండాకాలం సూస్త. అప్పుడు గూడ పిలవకుంటే జీవాలను అమ్మేసి వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీల వాచ్‌మన్‌గ పోత," అన్నాడు.

"పుట్టినకాడి నుంచి గొర్లను కాసినోనివి, గేటును కాస్తవా?"

"గేటు మేతకు పోదు గదనే. ఒక్కకాడనే ఉంటది."

నవ్వుకుంటూనే అన్నాడు. కానీ ఆ వారమే గొర్రెల బేరగాడి నంబరు ఫోన్‌లో వేయించుకున్నాడు. నేను చూశాను.

సారు మొదటిసారి వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. సన్నగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా భూమినంతా వల కళ్లలాగా గళ్లు గళ్లుగా చేశారట. ఒక్కో గడిలో మూడు నాలుగు చోట్ల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి, ఆ మట్టిలో ఎన్ని ఎర్రలున్నాయో, ఏ జాతివో రాయాలట. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే ఒడ్డున అయిపోయిందట, చిలుకూరు దిక్కు నడుస్తోందట. మా గడి ఇంకా తెల్లగానే ఉందట. ఎక్కడ తవ్వాలన్నది మనిషి ఇష్టం కాదు, ఫోనే చెబుతుందన్నాడు. ఫోన్ చెప్పిన వాటిలో ఒకటి పటేలు చెలకలో పడింది.

పటేలు కుర్చీలో వెనక్కి వాలి, "తవ్వుకోర్రి సారు. నా భూమిల మస్తుంటయి," అన్నాడు.

"ఉంటే మంచిదే. బస్తాల ఎరువు, మందులు ఎక్కువ పడ్డచోట ఒకోసారి ఉండవు. అది గూడ సూడాలె," అన్నాడు సారు.

నేను వెనక ఆడవాళ్లలో నిలబడి ఉన్నాను. ఊరుకుంటే పోయేది. "మంద పడ్డ భూమిలయితే ఎతకకుండనే ఎల్తయి సారు," అన్నాను.

పటేలు నా వైపు తిరిగాడు. "ఏం చెల్లె, నా చెలకల లెవ్వంటవా?"

"ఎర్రలు లెవ్వని నేనెక్కడన్న పటేలా. మంద లేదంటున్న."

అందరూ నవ్వారు. పటేలు కూడా నవ్వాడు కానీ, ఆ నవ్వు మూతి దగ్గరే ఆగింది. "సరే. అందరి ముంగట చెప్తున్న. సార్లు తవ్వినప్పుడు ఒక్క ఎర్ర గూడ ఎల్లకుంటే వచ్చే ఎండాకాలం మీ మందను నేనే పిలుస్త. ఎల్లినయనుకో, మల్ల నా చెలక దిక్కు సూడొద్దు."

ఇంటికి వచ్చాక మా ఆయన గొణిగాడు. "నీ నోరు ఊకుండదే."

"ఊకుంటే మంద ఎట్ల పడతది? ఆ చెలకల పోయినేడు పత్తికి కలుపు తీసిన. నెల రోజులు వంగి తీసిన. ఒక్క ఎర్ర కనపడితే నా చెవి కోసిస్త."

అది నిజం. ఆ నేల నాకు నా వంటిల్లు తెలిసినట్టు తెలుసు. కొడవలి మొన గుచ్చితే పలుగురాయి మీద కొట్టినట్టు ఠంగుమనేది. పందెం మేం గెలిచినట్టే అనుకున్నాను. చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండడం. అంత తేలికైన పని నా చేత కాలేదు.

వానలు పడి పత్తి మోకాలెత్తు వచ్చాక ఒకరోజు పొద్దున్నే వాళ్లు దిగారు. సారు కాలువ కట్ట మీద గుంత తానే తవ్వుకుంటానని పోయాడు. పటేలు చెలక పని కోదాడ పిల్లకు అప్పజెప్పాడు. పటేలు ఆ రోజు దుకాణంలో ఉంటానని చెప్పి మిర్యాలగూడ పోయాడు. మా ఎకరన్నర ఆ చెలకకు ఆనుకొనే ఉంటుంది కాబట్టి, తోడుగా ఉండమని సారు నన్ను అడిగాడు. ఉన్నాను.

పిల్ల బక్కపలచగా ఉంది. పార పట్టడం రాదు కానీ పట్టు వదలదు. తవ్విన మట్టినంతా తెల్లని ప్లాస్టిక్ ట్రేలో పోసుకొని, మా అత్త బియ్యంలో రాళ్లు ఏరినట్టు, గడ్డ గడ్డ చిదిపి చూసింది. ఏమీ లేదు. తర్వాత డబ్బాలోంచి పసుపుపచ్చని నీళ్లు గుంతలో పోసింది. ఆవపిండి కలిపిన నీళ్లట. ఆ ఘాటుకు లోపలెక్కడైనా ఎర్రలుంటే పైకి వస్తాయట. అరగంట చూడాలట. ఇద్దరం గుంత ఒడ్డున గొంతుక్కూర్చొని చూశాం. ఒక చీమ వచ్చి, వాసన చూసి, పోయింది.

"లేవు పెద్దమ్మా," అంది పిల్ల.

"లెవ్వు బిడ్డా," అన్నాను. లోపల నాకు పండగే.

"వారం నుంచీ ఇంతే. చిలుకూరు దగ్గర ఆరు గుంతలు తీశాను. అన్నీ పత్తి చేలే తగిలాయి. ఆరూ సున్నాలే. మా వాళ్లు నన్ను పేరు పెట్టి పిలవడం మానేశారు. సున్నా వచ్చిందా, సున్నా తిన్నదా అంటున్నారు." నవ్వుతూనే చెప్పింది కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవాళైనా ఒక్కటి దొరుకుతుందనుకున్నాను. నా చేతిలోనే ఏదో ఉందేమో."

"పో బిడ్డా, మోటరుకాడ చేతులు కడుక్కొని రెండు ముద్దలు తిను. నేను సూస్త ఉంట," అన్నాను.

పిల్ల సద్ది పట్టుకొని మోటరు దగ్గరికి పోయింది. ఆమె నడిచిపోతుంటే వెనక నుంచి చూశాను. మా ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. ఇంటికి ఆడపిల్ల వస్తే ఉత్త ఒడితో పంపం. బియ్యమో, పసుపూ కుంకుమో, ఏమీ లేకపోతే పెరట్లో కాసిన బీరకాయలో, ఏదో ఒకటి ఒడిలో పడాలి. పొలానికి వచ్చినా అంతే. ఎవరి పిల్లయినా అంతే. ఈ పిల్ల అడిగేది బియ్యం కాదు, చీర కాదు. పది అడుగుల దూరంలో మా పెంటకుప్పలో లుకలుకలాడుతున్నవి అడుగుతోంది.

ఆ గడియలో పందెం సంగతి నా తలలో లేదు. ఇది ఎవరికి చెప్పినా నమ్మరు. మా ఆయన ఇప్పటికీ నమ్మడు. నేను లేచి గట్టు దాటి, పెంటకుప్ప పక్కన చెయ్యి పెట్టి దోసెడు తీసుకొని వచ్చి గుంతలో వేశాను. వేసిన తర్వాత, చేతులు చీరకు తుడుచుకుంటుంటే, పందెం గుర్తొచ్చింది. తీసేద్దామని వంగాను. కానీ ఆవపిండి నీళ్లు తగిలి అవి అప్పటికే ఎగరడం మొదలుపెట్టాయి. ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది. అంతలో పిల్ల రానే వచ్చింది.

"పెద్దమ్మా, వచ్చాయి," అని గుంతలోకి దాదాపు పడిపోయింది.

ఆమె మొహం చూశాక తీసేయడం నా వల్ల కాలేదు. పోనీ, పిల్ల డబ్బాలో వేసుకుపోతుంది, పటేలు ఊళ్లో లేడు కదా అనుకున్నాను. ఆ మాట అనుకోవడం అయ్యీ కాకముందే రోడ్డు మీద పటేలు కారు ఆగింది. దుకాణంలో మనసు నిలవలేదట. పందెం కట్టినవాడికి నిలవదు మరి.

వచ్చి గుంతలోకి చూశాడు. మామూలుగా ఎర్రలు మెత్తగా, సిగ్గుపడ్డట్టు ఉంటాయి. ఇవేమో ఘాటుకు గంతులు వేస్తున్నాయి. పటేలు చెయ్యి నడుము మీద పెట్టుకొని, "ఎంత హుషారుగున్నయో సూడు. నా భూమి బలం," అన్నాడు. "లెక్కపెట్టు బిడ్డా. గట్టిగ లెక్కపెట్టు, మా చెల్లెకు ఇనపడాలె."

పిల్ల లెక్కపెట్టింది. పద్నాలుగు.

"ఇన్నవా చెల్లె? ఇగ మందను ఎటు తోలుకపోతరో తోలుకపోర్రి," అని పటేలు ఆ ట్రే పట్టుకొని ఫోటో దిగాడు. ఒకటి కాదు, నాలుగు దిగాడు.

సారు కాలువ కట్ట నుంచి వచ్చి ట్రేలోకి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు. "ఇవి పెంటకుప్పలల్ల ఉండే జాతి. పత్తి చెలకల ఎట్లొచ్చినయి? మన దిక్కు ఎక్కడ గూడ ఇట్ల దొరకలే," అన్నాడు. తనకు తానే చెప్పుకుంటున్నట్టు ఇంకా ఏమేమో అన్నాడు. పిల్ల ఆనందంగా చీటీ రాసి, కొన్నిటిని మందు నీళ్ల సీసాలో వేసింది. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

ఇంట్లో మా ఆయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం ముందు కూర్చొని అడిగాడు.

"ఎన్ని ఏసినవే?"

"దోసెడు."

"దోసెడు. ఒకటి ఏస్తే సరిపోకపాయెనా?"

"ఆడపిల్లకు ఒకటెట్ల ఇస్తమయ్యా?"

ఆయన నన్ను కాసేపు చూసి, పచ్చడి వేయమన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఆ సాయంత్రమే బేరగాడికి ఫోన్ చేసి పత్తి ఏరడం అయిపోయాక వచ్చి జీవాలను చూసుకొమ్మని చెప్పాడు.

గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తేవడానికి మిర్యాలగూడ పోయినప్పుడు పటేలు దుకాణం మీద కొత్త ఫ్లెక్సీ కనపడింది. తెల్ల బట్టల్లో పటేలు, చేతిలో ట్రే. ట్రేలో నా ఎర్రలు. వాటిని చేతి వేళ్లంత లావు చేసి వేశారు. కింద, మా దుకాణం ఎరువులు వాడిన నేలలో ఎర్రలు ఎగురుతాయి అని రాశారు. నేను ఐదో తరగతి వరకే చదివినా ఆ అక్షరాలు రోడ్డు అవతల నుంచి చదవగలిగాను. ఇద్దరు రైతులు దాని కింద నిలబడి బస్తాలు ఆటోలోకి ఎక్కిస్తున్నారు. వాళ్లలో ఒకాయన ఒకప్పుడు ప్రతి ఎండాకాలం మా మందను పిలిచేవాడు. నన్ను చూసి అటు తిరిగాడు.

కొన్నాళ్లకు కోదాడ పిల్ల ఫోన్ చేసింది. సారు ఆ పద్నాలుగు ఎర్రలను పట్టుకొని వదలడం లేదట. కంప్యూటరులో మా గడికి రంగు వేశారట. నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంకో నలుగురిని తీసుకొని మళ్లీ తవ్వడానికి వస్తున్నాడట. ఆరుగురికి మజ్జిగ దొరుకుతుందా అని అడిగింది.

"మజ్జిగ దొరుకుతది బిడ్డా. ఎర్రలే దొరకవు," అన్నాను. అని, చెప్పేశాను.

అవతల పిల్ల ఎవరికో ఒక్క నిమిషమని చెప్పి పక్కకు వచ్చినట్టుంది.

"నా కోసం వేశారా పెద్దమ్మా?"

"నువ్వు కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటివి."

"సున్నా వస్తే నాకు బాధే. మా వాళ్లు ఏడిపిస్తారు కాబట్టి. కానీ సున్నా కూడా రాయాల్సిందే పెద్దమ్మా. లేనిచోట లేవని రాస్తేనే అది పటం. ఆ ఆరు సున్నాలు చూసి సారు నన్ను మెచ్చుకున్నారు కూడా."

"గా ముక్క ఆ రోజు చెప్తే అయిపోయేది గద."

"మీరు అడగలేదు కదండీ."

మంద పోయేంత పని చేసి ఆ పిల్లకు నేను పెట్టింది, ఆ పిల్లకు అక్కర్లేనిది.

"సారుకు నేను చెప్పలేను," అంది పిల్ల. "చీటీ మీద సంతకం నాది. మీరే చెప్పాలి."

చెప్పడానికి నాకు భయం లేదు. కానీ ఇప్పుడు చెబితే, పందెం ఓడిపోయి కథలు అల్లుతోందంటాడు పటేలు. ఊరంతా అదే అంటుంది. తవ్వి ఖాళీ గుంత కనపడ్డాకనే నా మాటకు విలువ. అందుకని ఆ రోజు దాకా నోరు మూసుకున్నాను. మా ఆయన అది చూసి జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకు చూశాడు.

సార్లు మళ్లీ వచ్చే రోజుకు పటేలు చెలక గట్టు మీద టెంటు వేయించాడు. కుర్చీలు, కూల్‌డ్రింకులు. దుకాణానికి వచ్చే రైతులను కూడా పిలిచాడు. కొత్త మనుషులు నలుగురూ పత్తి సాళ్లలో నాలుగు చోట్ల గుంతలు తీశారు. మట్టి చిదిపారు, ఆవపిండి నీళ్లు పోశారు, కూర్చున్నారు. అరగంట పోయింది. నాలుగు గుంతలూ నాలుగు ఖాళీ గిన్నెల్లా నోళ్లు తెరుచుకొని ఉన్నాయి.

"ఎండకు లోపలికి పోయినయి," అన్నాడు పటేలు. తన జీతగాణ్ణి పిలిచి లోతుకు తవ్వమన్నాడు. జీతగాడు మోకాళ్ల లోతు తవ్వాడు, నడుము లోతు తవ్వాడు.

"ఇంకో జానెడు తవ్వితే నీళ్లు పడతయి పటేలా," అన్నారెవరో వెనక నుంచి.

"అంత లోతుల ఉండవు పటేల్ గారు. ఆపమనుర్రి," అన్నాడు సారు.

అప్పుడు నేను ముందుకు పోయాను. "సారూ, ఆ రోజు ఎర్రలు నేను ఏసిన. మా పెంటకుప్పల నుంచి తెచ్చి ఏసిన."

పార చప్పుడు ఆగింది.

"ఎందుకమ్మా?" అన్నాడు సారు.

"పిల్ల ఉత్తచేతులతోటి పోతదని."

సారు తిట్టలేదు, నవ్వలేదు. పటేలు కోసం వేసిన పెద్ద కుర్చీలో కూర్చొని, సంచిలోంచి పుస్తకం తీసి, ఏ రోజు, ఎంత పొద్దెక్కాక, కుప్పకు ఏ పక్క నుంచి, ఎన్ని అని అడిగి అడిగి రాసుకున్నాడు. పోలీసులు కూడా అన్ని అడగరు. తర్వాత పాత చీటీ మీద గీత కొట్టి, సున్నా వేశాడు. గుండ్రంగా, తీరుబాటుగా వేశాడు. పిల్ల పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

పటేలు మొహం కందిపోయింది. "నా భూమిల దొంగతనంగ ఎర్రలేస్తవా?"

"దొంగతనమంటే తీస్కపోవుడు పటేలా. నేను తెచ్చి ఏసిన."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పటేలు కారెక్కి పోయాడు. పందెం మాట ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు. అందరి ముందు ఓడిన మనిషిని అందరి ముందే అడిగితే ఇవ్వాలనుకున్నది కూడా ఇవ్వడని మా ఆయన అన్నాడు. ఆ కూల్‌డ్రింకులు సారువాళ్లు తాగారు. పోతూ పోతూ మా పెంటకుప్ప దగ్గర తవ్వి, అక్కడి ఎర్రలను అక్కడివిగా రాసుకున్నారు.

దుకాణం మీద ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారని కాబోలు, ఉంచాడు.

పత్తి ఏరడం అయిపోయింది. చెలకలు ఖాళీ అయ్యాయి. ఏ రైతూ పిలవలేదు. బేరగాడు వచ్చి మంద మధ్యలో తిరిగి, గొర్రెల నడుములు పట్టి చూసి, రేపు వ్యాను తెస్తానన్నాడు. మా ఆయన సరేనన్నాడు. అన్నాడు కానీ ఆ పూట గొర్రెలను నీళ్లకు తోలుకుపోయినవాడు పొద్దు వాలేదాకా తిరిగి రాలేదు.

ఆయన వచ్చేసరికి పటేలు జీతగాడు మా వాకిట్లో కూర్చొని ఉన్నాడు. "పటేలు చెప్పమనలే. నేనే చెప్తున్న. ఎనక చెలక ఖాళీగ ఉన్నది," అన్నాడు.

"నువ్వు చెప్తే మేమెట్ల పెడతం?"

"పెట్టుర్రి. రోడ్డు దిక్కు మాత్రం రావద్దన్నడు."

"ఎవరన్నరు?"

"ఎవ్వరనలే," అని వాడు లేచి పోయాడు.

మా ఆయన నా వైపు చూడకుండా ఫోన్ తీసి, రేపు వ్యాను తేవద్దని బేరగాడికి చెప్పాడు. ఎందుకని అవతలివాడు అడుగుతుండగానే పెట్టేశాడు.

వెనక చెలక తుమ్మచెట్ల చాటున ఉంటుంది. రోడ్డు మీద పోయేవాడికి గొర్రె చెవి కూడా కనపడదు. అక్కడ వల కట్టాం. వారం తర్వాత ఒకరోజు పొద్దున్నే, గొర్రెలను ఇంకా మేతకు విప్పకముందే, పటేలు స్కూటర్ మీద వచ్చాడు. కారు కాదు, స్కూటర్. గట్టు అవతలే నిలబడ్డాడు.

"ఎన్ని రోజులకు వస్తయి?" అన్నాడు.

"ఏంది పటేలా?"

"అవే." వాటి పేరు ఆయన నోటికి రాలేదు.

"గింత తొందరగ యాడ వస్తయి. రెండు మూడు వానాకాలాలు పడతదని కోదాడ పిల్ల చెప్పింది."

"సారు ఈ వానాకాలమే మల్ల వస్తడట గద."

"వస్తడట."

పటేలు గొర్రెల వైపు చూశాడు. అటూ ఇటూ చూశాడు. మా ఆయన పిల్లగొర్రెను పట్టుకొని దాని కాలు గిట్టలో ముల్లు తీస్తున్నాడు, విననట్టే ఉన్నాడు. పటేలు గొంతు తగ్గించి, "అప్పుడు నువ్వే ఏసినవు గద చెల్లె. ఈసారి జర ముందుగాల్నే ఏస్తే, సారు వచ్చేటాల్లకు అవి ఈడనే అలవాటు పడతయేమో," అన్నాడు.

నేను ఎంత నవ్వు మింగానో నాకు తెలుసు. "ఏయమంటే ఏస్త పటేలా. కానీ తిండి లేని ఇంట్ల ఎవరుంటరు? బస్తాలు తగ్గించి, మంద ఇంకో ఇరవై రోజులుంటే, నేను ఎయ్యకున్నా అవే వస్తయి."

"ఇరవై రోజులా. ఎనక చెలక అంత లేదు గద."

"ముందటి చెలక ఉన్నది గద పటేలా."

"రోడ్డు కనపడతది."

"రోడ్డుకు గొర్లు కనపడితే ఏమైతది? ఫ్లెక్సీల ఎర్రలు కనపడుతలేవా?"

ఆయన మూతి బిగించాడు. తిడతాడనుకున్నాను. స్కూటర్ తిప్పుకొని, రెండుసార్లు కిక్కు కొట్టి, పోయాడు.

మా ఆయన పిల్లగొర్రెను వదిలి లేచి, వల గుంజలు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.

"ఔనన్నడా?" అని అడిగాను.

"కాదనలే గద," అని గుంజలన్నీ భుజాన వేసుకొని రోడ్డు దిక్కు నడిచాడు.